పై ఎడమ మూల

మా ముగ్గురికీ ఒకటే పిచ్చి. నేను మదనపల్లెలో బస్సు డిపో ఆఫీసులో గుమాస్తాను. పుంగనూరులో పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఒకాయన, కుప్పంలో హైస్కూలు డ్రాయింగ్ టీచరు ఒకామె. ఫోటోలు తీయమని మమ్మల్ని ఎవరూ అడగలేదు, తీస్తే చూసేవాళ్ళూ లేరు. పెళ్ళిళ్ళూ పేరంటాలూ కాకుండా గొర్రెలవీ గోడలవీ రీళ్ళు కడిగించుకునే మనుషులు తన గిరాకీల్లో ముగ్గురే ఉన్నారని, మదనపల్లె స్టూడియో ఆయన మమ్మల్ని ఒకరికొకరికి పరిచయం చేశాడు. అది తొంభైల మధ్యలో మాట.

నెలకో ఆదివారం కలిసేవాళ్ళం. ఒక నెల మా ఇంటి వసారాలో, ఒక నెల పుంగనూరు ఆసుపత్రి అరుగు మీద, ఒక నెల కుప్పంలో బడి డ్రాయింగ్ గదిలో. మాకు రెండు కట్టుబాట్లు ఉండేవి, రెండూ టీచరమ్మ పెట్టినవే. బాగా వచ్చినవి ఏరుకుని తేకూడదు, రీలు మొత్తం తేవాలి. స్టూడియో ఆయన ముప్ఫై ఆరు బొమ్మల్నీ ఫిల్ము సైజులోనే ఒకే కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేవాడు. దాన్ని కాంటాక్ట్ షీటు అనేవాళ్ళం. కదిలినవి, తల తెగినవి, మసకబారినవి అన్నీ అందులో ఉండేవి, దాచడానికి వీల్లేదు. ఇక రెండోది, ఎవరి షీటు బల్ల మీద ఉంటే వాళ్ళు, మిగతా ఇద్దరూ మాట్లాడి ముగించేదాకా నోరు విప్పకూడదు.

"బాగుండేటివి ఎవురైనా సూపిస్తారు సార్. బాగలేనిటివి సూస్తేనే కదా మనిషి తెలిసేది" అనేది టీచరమ్మ.

మొదటి కట్టుబాటు నాకేం కష్టం కాలేదు. రెండోదే ప్రాణం మీదికి వచ్చేది. నాది నోటి దురుసు. డిపోలో నా బల్ల దగ్గరికి రావాలంటే డ్రైవర్లు ముందు నా మొహం చూసి, బాగుంటేనే వచ్చేవాళ్ళు. అలాంటివాణ్ణి, నా ఫోటోను ఇద్దరు ముక్కలు ముక్కలుగా విప్పుతుంటే నోటికి తాళం వేసుకుని కూర్చోవాలి. టీచరమ్మ దగ్గర ఎర్ర పెన్సిలు ఒకటుండేది. తప్పు కనిపించిన చోట చిన్న సున్న చుట్టేది. చూసిన షీట్లన్నీ తేదీ వేసి తన దగ్గరే అట్ట ఫైల్లో పెట్టుకునేది.

అయినా ఆ ఆదివారాల కోసం నెలంతా ఎదురు చూసేవాణ్ణి. కాంపౌండరు పొట్టి పుంగనూరు ఆవుల్ని నేల మీద చతికిలబడి తీసేవాడు. వాటి కళ్ళకు సమానంగా కెమెరా పెడితేనే అవి మనల్ని మనుషులుగా చూస్తాయని ఆయన వాదన. సోమల దగ్గర ఎద్దు గిట్టలకు లాడాలు కొడుతుండగా తీసిన ఒక బొమ్మలో, పడుకోబెట్టిన ఎద్దు కంట్లో లాడాలు కొట్టేవాడి నీడ పడింది. ఆ ఒక్క బొమ్మ గురించి మేం రెండు గంటలు మాట్లాడుకున్నాం, కాఫీలు చల్లారిపోయాయి. టీచరమ్మ ఎక్కువగా గోడల్నీ, కిటికీల్నీ, చింతపండు గింజ తీసే ఆడవాళ్ళ చేతుల్నీ తీసేది. నేను టమోటా మార్కెట్టూ, బస్సు కిటికీల్లో మొహాలూ. నా ఫోటోలు బాగుంటాయని నాకు గట్టి నమ్మకం. వాళ్ళకూ ఉండేది, మొదటి రెండేళ్ళు.

తర్వాత నా షీట్ల మీద ఎర్ర సున్నలు పెరిగాయి.

"ఏందన్నా ఇది, ముసలామె మొగం ఇంత సక్కంగా వచ్చిండాది, పైన ఈ కరెంటు తీగ యాల?" అన్నాడు కాంపౌండరు ఒకసారి. ఇంకో నెల ఎవరిదో మోచెయ్యి. మరో నెల లారీ వెనక భాగం. టమోటా బుట్టల మధ్య నవ్వుతున్న కూలీ తల మీదుగా ఎవరిదో సగం తల, పైనుంచి బొమ్మలోకి దూరబోతున్నట్టు. తీసేటప్పుడు అవేవీ లేవని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చెప్పడానికి లేదు, నోరు విప్పకూడదు. వాళ్ళు ముగించాక మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు. కెమెరా సెకండ్ హ్యాండుది, అందులోనే ఏదో దోషం ఉందన్నాను. మార్కెట్ అంటే జనం ఉండరా అన్నాను. చివరికి అది నా పద్ధతి, మీకు అర్థం కాకపోతే నేనేం చేయను అన్నాను.

"పద్ధతయితే అప్పుడప్పుడు మారల్ల కదా సార్" అంది టీచరమ్మ మెల్లగా. "మీరు నెలనెలా ఒకే తప్పు సేస్తాండారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. షీటు చుట్టి సంచిలో పెట్టుకుని, చెప్పకుండా లేచి వచ్చేశాను. రెండు నెలలు వాళ్ళ మొహం చూడలేదు. ఆ రెండు ఆదివారాలూ వసారాలో కూర్చుని పేపరు చదివినట్టు నటించాను. చదివింది ఒక్కటీ బుర్రకెక్కలేదు.

మూడో నెల కాంపౌండరు డిపోకే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అన్నా, కోపం తర్వాత పడుదువు గానీ, ఈసారి కుప్పానికి రా. టీచరమ్మకు ఒక ఫోటో కావల్లంట. నువ్వే తియ్యల్లంట."

నువ్వే తీయాలి అన్న మాట దగ్గర నేను పడిపోయాను. అంతకంటే ఏం కావాలి నాకు? ఆదివారం కుప్పం బస్సెక్కాను. డ్రాయింగ్ గదిలో కిటికీ పక్కన స్టూలు వేసుకుని టీచరమ్మ కూర్చుంది. పక్క నుంచి మంచి వెలుతురు పడుతోంది. నేను ఎడమ కన్ను మూసి, కుడి కన్ను కెమెరాకు ఆనించి, మధ్యలో ఉండే చిన్న గుండ్రంలో ఆమె కళ్ళకు ఫోకస్ సరిచేసుకున్నాను. కాంపౌండరు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూడు తీశాను. ఆమె పెద్దగా నవ్వలేదు, అది నాకు నచ్చింది. ఆ రోజు ఎవరూ నా పాత తప్పుల ఊసెత్తలేదు. ఓడిపోయారని లోపల సంతోషపడ్డాను.

మిగతా రీలు తీసి ముగించేసరికి నెల పట్టింది. ఆ నెల మా ఇంటి వంతు. వాళ్ళిద్దరూ పొద్దున్నే వచ్చారు. నేను స్టూడియో నుంచి కవరు తెచ్చి, చింపి, చూడకుండానే షీటు బల్ల మీద పరిచాను. వంతు ప్రకారం మాట్లాడాల్సింది వాళ్ళే. కాంపౌండరు గోడ వైపు చూస్తున్నాడు. టీచరమ్మ ఎర్ర పెన్సిలు బయటికే తీయలేదు.

నేను భూతద్దం తీసుకుని వంగాను. కిటికీ పక్కన టీచరమ్మ, మూడు బొమ్మల్లోనూ చక్కగా ఉంది. మొదటి బొమ్మలో పై ఎడమ మూలన ఒక చెయ్యి, మూడు వేళ్ళు చూపిస్తూ. రెండోదాంట్లో అదే మూలన కాంపౌండరు మొహం, పళ్ళికిలించి. మూడోదాంట్లో తన తువ్వాలు జెండాలాగా పట్టుకుని ఉన్నాడు.

"ఇదెప్పుడు?" అన్నాను.

"నువ్వు నొక్కేటప్పుడే అన్నా. ఇంకో స్టూలెక్కి టీచరమ్మ ఎనకాల, నీ ముందరే నిలబడుకోని ఉంటి. నవ్వుతానే ఉంటి. నువ్వు సూడలేదు."

అప్పుడు టీచరమ్మ తన అట్ట ఫైలు విప్పింది. ఇన్నేళ్ళ నా షీట్లు వరుసగా వసారా నేల మీద పరిచింది. మొదట్లో ఎర్ర సున్నలు ఎక్కడపడితే అక్కడ, అందరికీ పడేటట్టే పడ్డాయి. రానురాను అన్నీ ఒకే చోటికి చేరాయి. ప్రతి బొమ్మలోనూ పై ఎడమ మూలే. కెమెరాలో దోషమైతే, కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు ఆ మూల కూడా తిరిగి వేరే చోటికి పోవాలి కదా అంది. నిలువు బొమ్మల్లోనూ అది అక్కడే ఉంది.

"కెమెరా తిరిగినా తిరగనిది మీ కన్నొకటే సార్" అంది.

నాకు ముందు వచ్చింది కోపమే, దాచుకోను. నాకు తెలియకుండా నా మీద నాటకం ఆడారని అరిచాను. కాంపౌండరు అరవనిచ్చాడు. తర్వాత నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎడం కన్ను మూసుకోని నా ముక్కే సూడన్నా. యేలు కనపడితే సెప్పు."

"నేనేమన్నా నీ ఆసుపత్రికి వచ్చిన ఎద్దునా?"

"ఎద్దుకైతే ఈపాటికి సూసేసుందును. ఎద్దు కొట్లాడదు."

మూసుకున్నాను. ఆయన ముక్కు చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికీ వేలు రాలేదు. ఎప్పుడు పెడతావయ్యా అని అడగబోతుంటే, ఆయన కనుబొమ దగ్గర హఠాత్తుగా వేలు పుట్టింది. గాలిలోంచి పుట్టినట్టే పుట్టింది. అంతసేపూ అది నా ముందే ఆడుతోందట. కుడి కన్ను మూసి అలాగే చేస్తే, చెయ్యి లేపిన క్షణమే కనిపించింది. అప్పుడు నా కోపం ఎటు పోయిందో తెలియదు. వేసవి పొద్దున, మా వసారాలో, నాకు చలి వేసింది.

మర్నాడే కాంపౌండరు సెలవు పెట్టాడు. కుప్పం నుంచి రైల్లో నన్ను బెంగుళూరు కంటాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ తెలుగు వచ్చిన డాక్టరమ్మ ఉండింది. నా కంట్లో చుక్కలు వేసి, ఏవో పరీక్షలు చేసి, ఒక గిన్నెలాంటి మిషన్లో వెలుగు చుక్కలు చూపించి, కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. అదయ్యాక కాంపౌండరు ఆమె బల్ల మీద నా షీట్లు పరిచాడు. ఆమె ఒక చేత్తో మిషన్ ఇచ్చిన కాగితం, ఒక చేత్తో మా షీటు పట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"నీటికాసుల జబ్బు, గ్లకోమా అంటారు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ ఒక కంటి లోటును ఇంకో కన్ను పూడుస్తుంది. అందుకే ఎవరికీ తెలియదు. గోడలకు గుద్దుకునే రోజుకు గానీ రారు. మీరు ఒక కన్ను మూసే పని పెట్టుకున్నారు కాబట్టి దొరికింది. ఆ పని పదిమందికీ చూపించారు కాబట్టి బయటపడింది."

పదిమంది కాదు, ఇద్దరే అన్నాను.

"పోయిన చూపు రాదు. ఉన్నది నిలుపుకోవచ్చు, జీవితాంతం చుక్కలు మానకుండా వేసుకుంటే. ఎడమ కంట్లోనూ ఒత్తిడి ఉంది. దానికి ఇంకా దెబ్బ తగల్లేదు. మీ ఇంట్లో ఎవరికైనా కళ్ళు పోయాయా?"

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. కురబలకోట పక్కన పల్లెలో గొర్రెలు మేపిన మనిషి. యాభై దాటీ దాటకముందే చూపు పోయింది. ఎండలో తిరిగి తిరిగి కళ్ళు పోయాయని మేమే ఒక కారణం చెప్పుకుని ఊరుకున్నాం. పూర్తిగా పోకముందు ఆయన దేనికో ఒకదానికి తట్టుకుంటూనే ఉండేవాడు. ఒకరోజు నా పుస్తకాల మీద కాలు వేసి సిరా సీసా తన్నేశాడు. కాలేజీ చదువు నెత్తికెక్కిన రోజులు నాకు. కనపడలేదా అని కసిరాను.

"కనపడలేదురా" అన్నాడు నాయన.

నిజమే చెప్పాడు. ఆ మాట ఇంట్లో ఒక్కరమూ వినలేదు. డాక్టరమ్మ ముందు నేను ఏడ్చేశాను. కాంపౌండరు నా వీపు మీద చెయ్యి వేసి, బెదిరిన పశువును నిమిరినట్టు నిమురుతూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కుప్పం స్టేషన్లో టీచరమ్మ ప్లాట్‌ఫారం మీద ఎదురు చూస్తూ ఉంది. డబ్బా నిండా పులిహోర తెచ్చింది. చుక్కల మందు సీసా చూపించి, ఉన్నది పోదంటమ్మా అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ముందు తినండి సార్ అంది. మీ ఇద్దరికీ దండం పెడతాను, నా నోటి దురుసును మన్నించండి అన్నాను. జీవితంలో నేను అలా అడిగింది అదే మొదటిసారి.

"మన్నింపు సరేగానీ, పై నెల రీలు తెస్తావా లేదా?" అన్నాడు కాంపౌండరు నోటి నిండా పులిహోరతో.

తెచ్చాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తెస్తూనే ఉన్నాను. మీట నొక్కబోయే ముందు ఆ మూలను కంటితో వెతికి చూడడం నేర్చుకున్నాను. అప్పటికీ తప్పిపోయినదాన్ని వాళ్ళు చెబితే, నోరు మూసుకుని వింటాను. రెండువేలు దాటాక ఫిల్ము పోయి కంప్యూటర్ తెర వచ్చింది. బాగలేనివి అక్కడికక్కడే చెరిపేసే సౌకర్యం ఉన్నా మేం చెరపలేదు, అన్నీ చూపించుకున్నాం. పొద్దునా సాయంత్రం కంట్లో చుక్క పడి మండినప్పుడల్లా వాళ్ళిద్దరూ చల్లగా ఉండాలనుకుంటాను. నా మంచి ఫోటోలు మెచ్చుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. నా కళ్ళు నిలబెట్టింది మాత్రం నా చెడ్డ ఫోటోలను ఓపిగ్గా చూసిన ఈ ఇద్దరే.

మా నాయనకు చూపు పోయిన వయసు దాటి నాకు ఇప్పటికి కొన్నేళ్ళయింది. మొన్న పొద్దున బస్సులో కురబలకోట దాటుతున్నాను. వాన వెలిసి గుట్టంతా పచ్చగా ఉంది. గుట్ట మీద మంద మేస్తోంది, వెనకబడిన పిల్లొకటి తల్లి కోసం పరిగెత్తుతోంది. కిటికీ కమ్మీ పట్టుకుని అది తల్లిని చేరేదాకా చూశాను. నా పక్క సీటు ఖాళీ. "అంతా కనపడతా ఉండాది నాయనా" అన్నాను, పైకే.