ఉగాది దాకా కట్టు

మొన్న తిరుపతిలో నా కుడిభుజానికి వైద్యం చేస్తున్న ఫిజియోథెరపీ అమ్మాయి ఒక ఎర్రని రబ్బరు పట్టీ చేతికిచ్చి, దాన్ని కిటికీ ఊచకు కట్టి రోజూ నెమ్మదిగా లాగమంది. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద చెయ్యెత్తి రాసినందుకు దక్కిన బహుమానమట ఈ నొప్పి. నొప్పిగా ఉన్నదాన్ని లాగడమేమిటమ్మా, విశ్రాంతి కదా ఇవ్వాలి అన్నాను. "కొన్నాళ్లే సార్. కండను ఎముకకు పట్టి ఉంచే నరముండాదే, దానికి పని ఎక్కువైనా చెడతాది, పని లేకపోయినా చెడతాది. ఊరికే పెట్టినారంటే నొప్పి పోతాది, దాంతో బాటు బలమూ పోతాది" అంది. ఆ మాట నాకు కొత్త కాదు. ఎనభైల మొదట్లో పుత్తూరులో ఒకసారి విన్నాను. పట్టీని మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మాది నగరి. మా పెదనాయన, భార్య పోయాక, పిల్లలు లేనందువల్ల, మాతోనే ఉండేవాడు. వీధివైపు గదిలో ఆయన గుంత మగ్గం. గుంతలో కాళ్లు దించి కూర్చుని, కుడిచేత్తో తాడు లాగితే అడ్డదారం మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తేది. పొద్దున మొదలైన ఆ టకటక, భోజనానికి తప్ప ఆగేది కాదు. అప్పటికి మా వీధిలో సగం ఇళ్లలో మరమగ్గాలు వచ్చేశాయి. మా నాయనకూ ఒకటి పెట్టాలని మహా కోరిక. ఇంట్లో అందుకు తగిన చోటు వీధివైపు గది ఒక్కటే. ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పెదనాయన నాడె ఆపకుండానే, "నా సెయ్యి ఆడినన్నాళ్లు ఈ గుంత పూడ్సేది లేదబ్బా" అనేవాడు. పెద్దవాడి మాట దాటడం మా ఇంట లేదు. ఆ మాటలో షరతు ఒకటి ఉన్నదని మాత్రం నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఏడు పండుగ చీరల కోసం విరామం లేకుండా నేసి, పెదనాయన భుజం పట్టుకుపోయింది. చెయ్యి చెవిదాకా లేచేది కాదు. మా వైపు ఎముక విరిగినా, కీలు తప్పినా, చివరికి మెడ పట్టినా మొదటి బస్సు పుత్తూరుకే. నాయన ఆయన్ను దగ్గరుండి తీసుకుపోయి, అక్కడ కట్టు కట్టే పెద్దాయన చేత కట్టు వేయించి తీసుకొచ్చినాడు. ఆకుపసరు, గుడ్డుసొన, పైన గట్టిగా బట్ట. అప్పుడు కార్తీకమాసం.

ఆ తరువాత మా నాయన అన్నకు చేసిన సేవ వీధి వీధంతా చెప్పుకుంది. స్నానం చేయించినాడు, చొక్కా గుండీలు పెట్టినాడు, వక్క కూడా తానే కత్తిరించి నోటికి అందించినాడు. పెదనాయన చెయ్యి కాస్త కదిలించబోతే చాలు, "వద్దన్నా! నరం తెగితే మళ్లా అతకదంట. ఉగాది దాకా కదిలించొద్దని ఆయప్ప గట్టిగా సెప్పినాడు" అని పరుగెత్తుకొచ్చేవాడు. కట్టు వదులైతే తానే బిగించేవాడు. పెదనాయన ఎడమచేత్తో సాంబారన్నం ఒడిలో పోసుకుంటూ, "యింట్లో నాకంటే నా సెయ్యికి మర్యాద ఎక్కువై పోయిందిరా. ఒక గొడుగు పట్టి ఊరేగించండి, సరిపోతాది" అని నవ్వేవాడు. సంక్రాంతి నాటికే నొప్పి పూర్తిగా పోయిందని కూడా చెప్పాడు. అయినా తమ్ముడి మాట జవదాటలేదు. కట్టు కట్టిన రోజు నుంచి విప్పిన రోజు దాకా ఎన్నాళ్లో నేను తరువాత లెక్క వేసి పెట్టుకున్నాను. ఆ అంకె ఇక్కడ రాయను.

ఉగాది పచ్చడి తిని, కట్టు విప్పి, పెదనాయన గుంతలో దిగాడు. తాడు పట్టుకున్నాడు. నొప్పి లేదు. చెయ్యే లేవలేదు. భుజం తుప్పుపట్టిన గడియలా బిగుసుకుపోయింది. బలవంతాన లాగితే నాడె సగం దూరం పోయి దారాల మధ్య నిలిచిపోయింది. మర్నాడే ఆయన నన్ను తోడు తీసుకుని పుత్తూరు బస్సెక్కాడు. నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్న కాలమది.

కట్టు కట్టే పెద్దాయన భుజం తడిమి చూసి, మండిపడినాడు. "ఎన్నాళ్లు కట్టి పెట్టినావు దీన్ని?"

"నువ్వు సెప్పినట్టే, ఉగాది దాకా."

"నేనా? ఇది ఎముక కాదప్పా, నరం. అమావాస్య దాటినాక కట్టు ఊడదీసి దినామూ కొంచెం కొంచెం ఆడించమని, నెలకంతా మగ్గం మీద నిదానంగా కూసోమని నీ తమ్ముడికి సెప్పి పంపితిని గదా. నువ్వు ఆ పొద్దు నొప్పికి కండ్లు మూసుకోనుంటివి. నీ తమ్ముడే రెండుతూర్లు అడిగి మరీ తెలుసుకొనె, ఆడించకుంటే ఏమైతాదని!"

పెదనాయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒడిలో పెట్టుకున్నాడు, నిద్రపోతున్న పసిబిడ్డను పెట్టుకున్నట్టు.

తిరుగుబస్సులో నగరి దగ్గర పడ్డాక నావైపు తిరిగి, "ఆయప్ప ముసిలోడైనాడురా. దినానికి నూరుమందిని సూస్తాడు, ఎవురికేం సెప్పినాడో యాడ గుర్తుంటాది. మీ నాయన అట్టాంటోడు కాదు" అన్నాడు. నాయన మీద ఆ పెద్దాయన చెప్పింది నిజమేనా అని అప్పటిదాకా నాకు ఇంకా సందేహముండేది. ఆ మాటతో తీరిపోయింది.

నాయన వాకిట్లోనే ఎదురొచ్చి, "ఏమన్నాడన్నా?" అన్నాడు. అన్న ముఖం చూడలేదు, చెయ్యి చూశాడు.

"నరం పోయిందంటబ్బా. నా సెయ్యి ఇంక ఆడదు," అన్నాడు పెదనాయన. చెప్పులు విడుస్తూ, "గుంత పూడ్సుకో" అన్నాడు.

నాయన ఆయన్ను పట్టుకుని ఏడ్చినాడు. అది అబద్ధపు ఏడుపు కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. నన్ను ఎక్కువ బాధించేదీ అదే. ఆ నెలలోనే గుంతలో మట్టి పోసి, పైన సిమెంటు వేశారు. మరమగ్గం హోరులో ఆ ఇంట మాటలు వినబడడం మానేశాయి, అది అందరికీ సౌకర్యంగానే ఉండింది. పెదనాయన బతికినన్నాళ్లు ఆయన చొక్కాకు నాయనే గుండీలు పెట్టినాడు. గుండీ గుండీకి ఇద్దరూ ఒకరి కండ్లలోకి ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడేవారు. నేను చూసేవాణ్ణి.

ఇప్పుడు పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి రబ్బరు పట్టీ లాగుతున్నాను. నొప్పి పెడుతుంది; పెట్టాలనే అంది ఆ అమ్మాయి, కొద్దిగా. కాలమే అన్నిటినీ మాన్పుతుందని పెద్దలు అంటారు. సంక్రాంతి నాటికి పెదనాయన చేతికీ నొప్పి పోయింది.