తొమ్మిదికి ముందున్న సున్నాలు

ఆస్పత్రి రికార్డుల గదిలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ఫైళ్లక్క అనేవారు. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, పాత కాగితాల వాసన, మధ్యలో కాలు పొట్టిదైన బల్ల. పాత గుమాస్తా నేర్పినట్టే ప్రతి నంబరునూ మూడంకెలు చేసి రాసేది: 007, 008, 009. ఎందుకని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

కంప్యూటర్లు వచ్చాక కొత్త ఆఫీసరు ఆ రిజిస్టరు చూసి నవ్వాడు.

"ఏంటక్కా ఈ సున్నాలు? పూసలు గుచ్చుతున్నారా?"

ఆపరేషన్ల జాబితాను తనే కంప్యూటర్లోకి ఎక్కించి, సున్నాలన్నీ కొట్టేశాడు. ఆవిడకు మూడు నెలల గడువిచ్చాడు. కంప్యూటరుకు పనులు చెప్పే స్క్రిప్టు రాయడం నేర్చుకుని పరీక్ష పాసైతే ఉద్యోగం, లేకపోతే ఇంటికి.

ఆ జాబితాలో ఆవిడ తమ్ముడూ ఉన్నాడు. గుండె ఆపరేషన్, తొమ్మిదో నంబరు. ఎనిమిది దాకా రిజిస్టరు ఉండగానే అయిపోయాయి.

"ఇంకా పిలవలేదేంటక్కా?" అనేవాడు, నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని రొప్పుతూ.

"వరస ప్రకారం పిలుస్తార్రా."

"ఆస్పత్రిలో అక్క ఉండీ నాకు ఒరిగిందేంటి? ఓసారి ఆ జాబితా చూడొచ్చుగా."

"చూస్తే, నావాణ్ని ముందుకు జరిపానంటారు. నోర్మూసుకుని మాత్రలేసుకో."

"సరే మహాతల్లీ. నా ఫైలు మాత్రం దుమ్ము దులిపి పెట్టు."

సాయంత్రాలు క్లాసు. టీచరమ్మది ఆవిడ కూతురి వయసు. మొదట్లో అంతా ఎక్స్‌ప్రెషన్లే, కంప్యూటరు తేల్చాల్సిన లెక్కల వరసలు. "ఎంత పొడుగున్నా భయపడకండి, తేలాక మిగిలేది ఒక్క విలువే" అంది టీచరమ్మ. ఆ మాట ఫైళ్లక్కకు నచ్చింది. 2 + 3 * 4కి ఇరవై అని రాసి వెనక బెంచీని నవ్వించింది. గుణకారం ముందు తేల్చాలని తెలిశాక, మళ్లీ తప్పు చేయలేదు.

ఆరో వారం టీచరమ్మ బోర్డు మీద "9" > "10" అని రాసింది.

"నిజమా, అబద్ధమా?"

"నిజం!" అని క్లాసంతా ఎగతాళిగా అరిచింది. "అబద్ధమే కదండీ" అంది ఫైళ్లక్క మెల్లగా. మీట నొక్కితే తెరమీద ‘ట్రూ’ అని పడింది. నవ్వుతూ అరిచినవాళ్లే తెల్లమొహం వేశారు.

"ఇలా కోట్స్‌ గుర్తుల మధ్య పెట్టారంటే కంప్యూటరుకు అవి అంకెలు కావు, అక్షరాలు" అంది టీచరమ్మ. "నిఘంటువులో మాటల్లా ఎడమ నుంచి ఒక్కోటీ పోలుస్తుంది. ఒకటి కన్నా తొమ్మిది వెనక, కాబట్టి అదే పెద్దది. అంతే, ఆ పక్క సున్నాను చూడనే చూడదు."

"మరి 009, 010 అని రాస్తేనో?"

"అప్పుడు వరస తప్పదమ్మా."

ఫైళ్లక్క నోటుబుక్కు అంచున ఆపరేషన్ల జాబితా వరస వేసి చూసుకుంది. పది, పదకొండు, పన్నెండు... నలభై మూడు. అందరి చివరా తొమ్మిది. రెండంకెల వాళ్లు తమలో తాము సరిగ్గానే ఉన్నారు కాబట్టి తప్పు ఎవరి కంటా పడలేదు. నిన్న చేరినవాడు కూడా తమ్ముడి ముందే.

తెల్లారి ఆఫీసరు గదికి వెళ్లి చెప్పింది.

"నాలుగు రోజులు క్లాసుకెళ్లి నాకే పాఠమా?"

"పాఠం కాదు సార్. జాబితా తెరవండి, చివర ఎవరున్నారో చూడండి."

"ఎవరు?"

"మా తమ్ముడు."

"అదీ సంగతి!" అన్నాడతను, కుర్చీలో వెనక్కి వాలి. "అర్జీ రాసివ్వండి. కమిటీ చూస్తుంది."

కమిటీ పన్నెండో రోజున చూసింది. అక్షరాలను అంకెలుగా మార్చే ఒక్క మాట చేరిస్తే సరిపోయింది. తమ్ముడు అంతకు మూడు రోజుల ముందే, స్నానాల గది తలుపు దగ్గర కూలబడి చనిపోయాడు.

పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. ఆవిడ ‘నిజం’ అని రాసింది. మార్కు పడింది, ఉద్యోగం నిలిచింది.

"గట్టివారక్కా మీరు" అన్నాడు ఆఫీసరు.

ఆ వారం మూసేసిన ఫైళ్ల కట్టలో తమ్ముడిది ఆవిడ బల్ల మీదికే వచ్చింది. అట్ట మీద ఒంటరిగా 9. పెన్ను మూత తీసి, దాని ముందు రెండు సున్నాలు పెట్టింది. చీరచెంగుతో దుమ్ము దులిపి, 008 పక్కన నిలబెట్టింది.