‘బాగుంది, ఇంకోసారి’ అనే మా జయపాల్ మాస్టారు

మొన్న గురువారం పొద్దున శ్రీను ఫోన్ చేశాడు. “సరళా, మాస్టారు పోయారే” అన్నాడు. “ఏ మాస్టారురా?” అని అడిగాను గానీ, మా ఇద్దరి మధ్య ఆ మాటకు ఒక్కరే అర్థం. చిలకలూరిపేటలో డిగ్రీ చదివినప్పుడు మాకు ఫిజిక్సు చెప్పిన జయపాల్ గారు. గుండెపోటట. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయిందట. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఏ పనినీ ఒక పట్టాన ముగియనివ్వని మనిషి, తన జీవితాన్ని మాత్రం ఇంత తొందరగా ముగించుకుని వెళ్ళడమేమిటి!

ఆయన విద్వత్తు గురించీ, సంగీతాభినివేశం గురించీ, నిష్కల్మష హృదయం గురించీ సంతాపసభలో చాలామంది చెప్పారు. అన్నీ అక్షరసత్యాలే. ఆయనతో కలిసి పని చేయడం ఎంత నరకమో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

చర్చిలో గాయకబృందానికి పాట నేర్పినా, ల్యాబులో ప్రయోగం చేయించినా ఆయన మెచ్చుకోలు ఒకటే. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పి “బాగుంది, ఇంకోసారి” అనేవారు. బాగుంటే ఇంకోసారి ఎందుకండీ అని ఒకనాడు నిలదీశాను. “బాగాలేకపోతే వదిలేద్దునమ్మా. బాగుంది కాబట్టే ఇంకోసారి” అన్నారు. ఇలాంటి మనిషితో వాదించి గెలిచేదెవరు?

మా చివరి సంవత్సరంలో, కాలేజీల మధ్య విద్యార్థుల పాటల వీడియోలకు పోటీ పెట్టారు. సొంత పాటను డిజిటల్ కెమెరాతో తీసి సీడీ పంపాలి. మిరప కల్లాల మీద మాస్టారే పాట కట్టారు, నేను పాడాను. శ్రీను వాళ్ళ అన్నకు పెళ్ళిళ్ళ వీడియో స్టూడియో ఉంది కాబట్టి కెమెరా, కంప్యూటరు అక్కడివే. పాట ముందే రికార్డు చేసుకుని, మార్టూరు దగ్గర మాస్టారి ఊళ్ళో కల్లంలోకి టేపురికార్డరుతో దిగాం. టేపులో పాట వస్తుంటే నేను పెదవులు కదపాలి. వెనక ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరి గంపలు మోస్తుంటారు. వాళ్ళలో మాస్టారి తల్లి మరియమ్మ గారూ ఉన్నారు. ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. మాస్టారు బొమ్మ అంచులో ఒక పక్కన నిలబడి తాళం వేస్తూ, ప్రతి షాటు చివరా వేలు తిప్పుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి టేపురికార్డరు బ్యాటరీలు నీరసించాయి. కొత్తవి తెస్తానని శ్రీను సైకిలు తీశాడు. మాస్టారు ఒప్పుకోలేదు. పాత బ్యాటరీలు ఊడదీసి, మిరపకాయల పక్కనే పట్టా మీద ఎండబెట్టారు. “ఎండ తగిలితే ప్రాణం పుంజుకుంటాయిరా. మా ఇంట్లో రేడియోకి ఎన్నేళ్ళు ఇట్టా చెయ్యలా!” అన్నారు. మా వైపు ప్రతి ఇంట్లోనూ చేసే పనే అది. కానీ చేసింది ఫిజిక్సు లెక్చరరు! టేపు మళ్ళీ తిరిగింది, అందరం చప్పట్లు కొట్టాం. పక్కన ట్రాక్టరు మోతలో అది నెమ్మదిగా తిరుగుతున్న సంగతి ఆయన చెవికి కూడా అందలేదు.

స్టూడియోలో అసలు పాటను బొమ్మకు జతచేస్తే బండారం బయటపడింది. పాట ముందు పోతోంది, నా నోరు వెనక వస్తోంది. పాట అయిపోయాక కూడా నేను నోరు తెరుస్తూనే ఉన్నాను. మళ్ళీ తీద్దామంటే కల్లంలో కాయ లేదు, టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు పంపేశారు. కంప్యూటరేమో మాటిమాటికీ బిగుసుకుపోయేది. కరెంటు పోయిందంటే అంతవరకూ చేసింది గంగపాలు.

చివరికి శ్రీనుకు ఉపాయం తట్టింది, బొమ్మ వేగం పెంచాడు. నా పెదవులు పాటకు అతికినట్టు కుదిరాయి. నేను ఎగిరి గంతేశాను. మాస్టారు బొమ్మలో నా ముఖం చూడలేదు, నా వెనక చూశారు. అక్కడ ఆడవాళ్ళ చేతులు టకటకా కొట్టుకుంటున్నాయి. మరియమ్మ గారు నెత్తిన గంపతో గెంతుకుంటూ పోయారు. శ్రీను వాళ్ళ అన్న పకపకా నవ్వాడు.

“ఆపరా” అన్నారు మాస్టారు.

“సార్, రేపే ఆఖరి రోజండి. వెనకాల ఎవరు చూస్తారండి?” అన్నాను.

“నేను చూశాగా. మా అమ్మ జన్మంతా ఆ కల్లాల్లోనే నడుం వంచింది. ఆమెని చూసి జనం నవ్వడానికా మనం పాట కట్టింది?”

సీడీ పోటీకి వెళ్ళలేదు. గులాబీరేకులు రాల్చి, హంసల్ని ఈదించిన వీడియోకి బహుమతి వచ్చిందని తెలిసి నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత కనిపించినప్పుడల్లా దెప్పేదాన్ని, “కొత్త బ్యాటరీలు తెచ్చుంటే గెలిచేవాళ్ళం సార్” అని. “నిజమేనమ్మా” అని నవ్వేవారు. ఒక్కసారి వాదించినా నా కోపం తీరేది.

సంతాపసభ వాళ్ళ ఊరి చర్చిలో జరిగింది. ఎప్పుడూ కెమెరాకు దూరంగా ఉండే మనిషి కదా, ఆయన కదులుతూ కనిపించే బొమ్మ ఆ పాడైన వీడియో టేపులో తప్ప ఎక్కడా లేదు. శ్రీను దాన్నే తెర మీద వేశాడు, పాటకు కుదరాలని మళ్ళీ వేగం పెంచి. అంత నిబ్బరమైన మనిషి గబగబా తాళం కొడుతూ కీలుబొమ్మలా ఊగారు. పిల్లలు కిసుక్కుమన్నారు. ముందు వరసలో మరియమ్మ గారు తలవంచుకున్నారు.

“ఆపరా శ్రీనూ!” అని అరిచాను.

“మరి పాట కుదరదే?”

“పాట ఆపెయ్. బొమ్మని దాని నడకన పోనీ. మనం పాడదాం.”

తెర మీద ఆయన తాళం పడిన చోటల్లా మాట ఎత్తుకున్నాను. శ్రీను గొంతు కలిపాడు, గాయకబృందం అందుకుంది. ఊపిరి చాలనంత నెమ్మదిగా పాడాం. పాటా, నా పెదవులూ, ఆయన తాళమూ ఇన్నేళ్ళకు కలిశాయి. మరియమ్మ గారు తలెత్తి, కల్లంలో గంపతో నడిచిపోతున్న తనను తాను చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

అంతటి మొండితనం, అంతటి కారుణ్యం ఒక్క హృదయంలో ఇమడడం నేను మరెక్కడా చూడలేదు. ఆ గురుమూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకంటే పాట ముగిశాక తెర మీద మాస్టారు తాళం ఆపి, మా వైపు చూసి, ఆ చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పారు. టేపు అక్కడితో అయిపోయింది.

ఇంకోసారి అంటే ఎట్లా సార్, మీరు లేకుండా?