మూడు పిడికిళ్ళ గుగ్గిలం

చలి మొదలై చెరుకు నరికే రోజులు వచ్చాయంటే, ఆ కాలంలో మా బోధన్ పక్క ఊళ్ళలో పగలని మడమ ఉండేది కాదు. మందు ఇంట్లోనే తయారయ్యేది. గుగ్గిలం పొడిని నువ్వుల నూనెలో కరిగించి, వడగట్టి, చన్నీళ్ళలో పోసి, వెన్నలా తెల్లబడేదాకా చేత్తో కడిగితే మలాము. మా నాయనమ్మ (మాకు అవ్వ) చేసిన మలాముకు ఊళ్ళో పేరుండేది. నేనేమో అప్పుడే కొలువులో చేరి, కనిపించిందల్లా డైరీకెక్కించే ఇరవై ఏళ్ళ పెద్దమనిషిని. ఒక ఏడు ఆమె పక్కనే కూర్చుని, 'గుగ్గిలం మూడు పిడికిళ్ళు, నూనె రెండు గంటెలు' అని రాసుకున్నాను. (కింద గీత కూడా గీశాను.)

మరుసటి కార్తీకంలో అవ్వ మడమలు నెత్తురు కారేలా పగిలాయి. లింబాద్రి గుట్ట జాతర నాలుగు రోజుల్లో ఉంది. నడిచి మెట్లెక్కుతానని ఆమె మొక్కుకుంది. "నువ్వు లేవకు, నేను చేస్త. అంతా రాసుకున్న," అన్నాను. "రాసుకుంటే అయితదారా? జర నన్ను సూడనియ్యి," అంది. చూడనివ్వలేదు. బోధన్‌లో మూలికల దుకాణం చాచా, నేను బస్తాలోంచి మూడు పిడికిళ్ళు తీస్తుంటే నవ్వాడు. "గింతనా బేటా? ఏనుగు కాలు పగిలిందా?" అంగడి హాస్యమనుకున్నాను.

లెక్కపెట్టి నూరుసార్లు కడిగాను. తెల్లబడలేదు, ముదురు పాకంలా సాగింది. రాసినట్టే చేశాను కనుక తప్పు నాది కాదనుకుని, వెచ్చచేసి, పగుళ్ళలో కూరి, గుడ్డ కట్టాను. తెల్లారేసరికి మందు, గుడ్డ, మడమ ఒకే రాయి. విప్పబోతే చర్మం కూడా వచ్చింది. అవ్వ ఏడవలేదు. మిగిలిన ముద్దను నొక్కి చూసి, నా చెయ్యి లాక్కుని తన పిడికిలి పక్కన పెట్టింది. "నా పిడికిలెంత, నీదెంతరా సదువుకున్నోడా?" ఆమెది నాదాంట్లో సగం.

మొక్కు తీర్చడానికి నన్నే పంపారు. గుట్ట మీద మా ఊరి ఆడవాళ్ళు "అవ్వ రాలేదా?" అంటే, "చలికి కాళ్ళు పట్టేసినయ్," అన్నాను. మలాము మాటెత్తలేదు. (డైరీలోనూ ఎత్తలేదు.) తిరిగొచ్చి కొబ్బరిచిప్ప చేతిలో పెడితే, అవ్వ పక్కన కూర్చోమంది. "ఒక్కొక్క మెట్టు చెప్పు. నేను గూడ ఎక్కుత." గబగబా మొదలుపెట్టాను. సగం గుట్టయినా దాటకముందే, ఆయాసమొచ్చినట్టు నా మోకాలు పట్టుకుంది. "మెల్లగ పోరా, నాకు దమ్మొస్తుంది."

ఆ కాళ్ళతో ఆమె మళ్ళీ గుట్ట ఎక్కలేదు. ఆ ఇరవై ఏళ్ళవాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పుడు నవ్వొస్తుంది. ఆగాడు పాపం. ఎంతసేపు ఆగాలో తెలియక, ఆమె మొహం చూడలేక, గడియారం చూశాడు.