పసుపు కడాయిలో ఉడికిన చెక్క

వడ్ల కాశీరాం బిగించిన తలుపు కిర్రుమనదని ఆర్మూరులో పేరు. టేకు పలకను వేలి కణుపుతో తట్టి లోపల పుచ్చు ఉందో లేదో చెప్పేవాడు. మొఖం చూస్తే చాలు, కట్టె కడుపులో ఏముందో తెలుస్తుందనేవాడు. అలాంటి మనిషి తొంభై నాలుగులో ఒక ఇంటికి వాసాలు ఎక్కిస్తూ జారి, కుడి భుజం మీద పడ్డాడు. దవాఖానలో కట్టు కట్టారు, కొన్నాళ్లకు విప్పారు, ఇక బరువులు ఎత్తవద్దన్నారు. ఆ చేయి అన్నం కలుపుకోవడానికి పనికొచ్చింది గానీ టేకు పలకను తిరగేయడానికి రాలేదు.

సంగతి తెలిసి ఇందల్వాయి నుంచి ఒక పనివాడు వచ్చి, పనిముట్ల పెట్టె అమ్ముతావా అని అడిగాడు. పసుపు పనులు అయిపోయాక చెబుతానన్నాడు కాశీరాం. అతని భార్య నాగవ్వ గడపలో నిలబడి ఆ మాట విన్నది. ఆ పూట చారులో ఉప్పు వేయడం మరిచిపోయింది.

ఆ వారమే బాల్కొండ నుంచి నీలవ్వ వచ్చింది. భర్త దుబాయిలో ఉంటాడు, ఇక్కడ ఇల్లు కట్టించేది ఆమే. వంటింట్లో గోడ పొడుగునా తలుపులున్న అరలు కావాలన్నది. అక్కడ అన్నీ ప్లైవుడ్‌తోనే చేస్తారట, తేలిగ్గా ఉంటాయని భర్త చెప్పాడట. తేలిక అన్న మాట దగ్గర కాశీరాం తలెత్తాడు. ప్లైవుడ్ అయితే తన చేయి ఎత్తగలదు. అది నిలిస్తే తన పనీ నిలుస్తుంది.

నిలుస్తుందా అన్నదే భయం. అంతకు కొన్నేళ్ల ముందు జక్రాన్‌పల్లిలో భూమన్న అనే రైతు ఇంటికి స్నానాల గదికి ప్లైవుడ్ తలుపు చేసి పెట్టాడు. నున్నని ఎర్రని చెక్క, చూడ ముచ్చటగా ఉండేది. మొదటి వానాకాలానికే పొరలు పొరలుగా విచ్చుకుంది. భూమన్న తిట్టలేదు. ఆ తలుపును బస్సు టాపు మీద వేయించి, ఆర్మూరులో దింపి, కాశీరాం దుకాణం గోడకు ఆనించి, పలకరించకుండా పోయాడు. బజారులో పోయేవాళ్లందరూ దాన్ని తట్టి చూసి పోయారు. అప్పటి నుంచి బస్సు జక్రాన్‌పల్లి దాటేదాకా కాశీరాం తల దించుకుని కూర్చునేవాడు.

నిజామాబాదు కట్టెల డిపోలో అడిగితే, కొత్తగా వచ్చిన చెక్క చూపించారు. చలిదేశాల్లో పెరిగే బర్చ్ అనే చెట్టుదట. తెల్లగా, మీగడ రంగులో ఉంది. మన పలకల కొలత ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఇది అయిదడుగుల చదరం. కొలత కుదరక ఎవరూ ముట్టుకోవడం లేదని, అందుకే చవకకు ఇస్తున్నానని డిపో ఆయన దాచకుండా చెప్పాడు. వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి మచ్చ లేకుండా అద్దంలా ఉంది. రెండోది ఇంకా చవక. దాని మొఖం మీద అక్కడక్కడ కోలగా, బాదంగింజ ఆకారంలో అతుకులున్నాయి. కాశీరాం ఒక్కో రకానికి ఒక్కో పలక తెచ్చుకున్నాడు.

దుకాణంలో రెండింటినీ ఎండలో నిలబెట్టి అంచులు చూశాడు. సన్నని పొరలు, ఒకదాని మీద ఒకటి. అద్దంలాంటిది అతని మనసుకు నచ్చింది. అతుకుల దాన్ని చూస్తే కోపం వచ్చింది. టేకులో అతుకు వేశారంటే కింద బొక్క ఉందన్నట్టే. అతుకు వేసి అమ్మేవాడు దొంగ కిందే లెక్క. మరునాడు దాన్ని వాపసు చేసి, అద్దంలాంటివే తెద్దామనుకున్నాడు. అయినా జక్రాన్‌పల్లి తలుపు కళ్లముందు నుంచి పోలేదు. రెండింటి నుంచీ ముక్కలు కోసి బకెట్ నీళ్లలో వేశాడు. తెల్లారి తీస్తే రెండూ బాగానే ఉన్నాయి. నెమ్మది కలగలేదు. భూమన్న తలుపు చెక్క కూడా ఇలాగే బకెట్‌లో గట్టిగా నిలిచింది మరి.

పసుపు రైతు ముత్తెన్న కల్లంలో పసుపు ఉడకబెట్టే కూలిపనికి బయలుదేరుతున్న నాగవ్వ, బకెట్ పక్కన కూర్చున్న మొగుణ్ని చూసి ఆగింది.

"సల్ల నీళ్లకేం తెలుస్తదయ్యా? పసుపు కడాయిల ఎయ్యి. ఉడికినంక ఎవ్వని సంగతేందో బయటపడ్తది."

కాశీరాం కసిరాడు. ఇది వంట కాదు, వడ్లపని అన్నాడు. ఆమె పోయింది. జరసేపు కూర్చుని, ముక్కలు సంచిలో వేసుకుని అతనూ ఆ దారే పట్టాడు. పోయేముందు అతుకుల చెక్క నుంచి, సరిగ్గా ఒక అతుకు నడుమకు వచ్చేలా, ఇంకో ముక్క కోసుకున్నాడు. అతుకు ఊడిపోతుందని అతని నమ్మకం.

కల్లంలో పొగ, ఆవిరి, పచ్చి పసుపు ఘాటు. ముత్తెన్న పాత స్నేహితుడు. సంగతి విని కండువాతో మొఖం తుడుచుకుంటూ నవ్వాడు.

"కట్టె ఉడకబెట్టి మార్కెట్‌ల పోస్తవా ఏంది కాశన్నా? నా పసుపుకు కట్టె వాసనొస్తే దలాలి నన్నే ఉడకబెడ్తడు."

ఆఖరి కొమ్ములు దించుకున్నాక మిగిలిన నీళ్లు ఎలాగూ పారబోసేవే, వాటిలో వేసుకొమ్మన్నాడు. మధ్యాహ్నం దాటాక వీలు చిక్కింది. చిక్కని పచ్చటి నీళ్లలో ముక్కలను వదిలి, పైన గోనె కప్పాడు. నాగవ్వ ఎండిన పసుపు ఆకు పొయ్యిలోకి తోస్తూ కూర్చుంది. కాశీరాం భుజం పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. వేరేవాళ్లు ఉడికిన పసుపు ఆరబోస్తుంటే, అతను తన బతుకే ఆ కడాయిలో కుతకుతలాడుతున్నట్టు చూశాడు.

పొద్దు వాలుతుండగా బయటికి తీశారు. అన్నీ పసుపు బొమ్మల్లా ఉన్నాయి. కాశీరాం ముందుగా అద్దంలాంటి చెక్క ముక్కను చేతిలోకి తీసుకుని ఉలి అంచు ఆనించాడు. పెద్ద బలమేమీ పెట్టలేదు. నడిమి పొర నోరు తెరిచింది. లోపల ఒకచోట పొర చాలక ఖాళీ వదిలేశారు; పసుపు ఆ సందులోంచి కడుపు దాకా పారింది. ఎంత మేర గుల్లో అంత మేరా పచ్చగా గీసి చూపించినట్టుంది.

తరువాత అతుకుల ముక్క. అతుకును గోటితో గీకాడు, ఉలితో కదిపాడు. కదల్లేదు. పొరల మధ్య ఉలి దించి చీలిస్తే, బంక విడవకుండా చెక్కే పీచులు పీచులుగా చినిగింది. పైన పల్చని పచ్చతోలు, లోపలంతా కొబ్బరి తెలుపు. అతుకు కింద బొక్క లేదు. పై పొరలో ముడి ఉంటే తీసేసి, ఆ చోటు నింపారు, అంతే.

కాశీరాం కడాయి పక్కనే కూలబడ్డాడు. ఒకే మానులోంచి కోసిన టేకు కాబట్టి మొఖం చూసి కడుపు చెప్పగలిగాడు. పొరలు అతికించిన చెక్కకు మొఖం వేరు, కడుపు వేరు. ఇన్నాళ్లూ ఆ తేడా తట్టలేదు.

"ఏమాయె?" అని అడిగింది నాగవ్వ.

"పెట్టె అమ్మను," అన్నాడు.

ఆమె పొయ్యి వైపు తిరిగి, ఆరిన మంటను ఊరికే ఎగదోసింది. ఆ రాత్రి చారులో ఉప్పు సరిపోయింది.

పలకలు దింపిన రోజు నీలవ్వ వచ్చి అతుకులు చూసి మొఖం మాడ్చుకుంది. పైసలిచ్చింది అతుకుల చెక్కకా మామా అన్నది. కాశీరాం ఉడికిన ముక్కలు రకానికొకటి ఆమె చేతికిచ్చాడు. ఆమె అటూ ఇటూ విరిచి చూసింది. ఒకటి విరిగింది, రెండోది విరగలేదు.

"సరే గని, అతుకులు లోపటికి పెట్టు మామా," అన్నది. "మా ఆడిబిడ్డ జూస్తే ఊరంత చాటింపేస్తది."

అయిదడుగుల పలకను ఒక కొస నాగవ్వ, ఒక కొస తాను పట్టుకుంటే బల్ల మీదికి సులువుగా ఎక్కింది. రంపం కింద చెక్క వెన్నలా తెగింది. భుజం నొచ్చింది గానీ ఆపలేదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మబ్బు పట్టినప్పుడల్లా కాశీరాంకు నిద్ర పట్టేది కాదు. చివరికి ఉండబట్టలేక ఒక తడి ఉదయం బాల్కొండ పోయాడు. నీలవ్వ చాయ్ పెట్టేలోగా అరల తలుపులు ఒక్కొక్కటే తెరిచాడు, మూశాడు. కిర్రుమనలేదు. అంచుల మీద వేలు పోనిచ్చాడు. ఎక్కడా ఉబ్బలేదు. చాయ్ తాగి, బస్సెక్కి కూర్చున్నాడు. అన్నాళ్ల నిద్ర ఒక్కసారే మీద పడింది.

కండక్టర్ లేపేసరికి ఆర్మూరు ఎప్పుడో వెనకబడింది. దిగి చూస్తే జక్రాన్‌పల్లి. ఎదురు బస్సు కోసం రోడ్డు దాటబోయాడు. దాటలేదు. జేబులో కొలత టేపు తడుముకుని, భూమన్న ఇంటి దారి పట్టాడు.

భూమన్న అరుగు మీద కూర్చుని మక్క పొత్తులు ఒలుస్తున్నాడు. తలెత్తి చూశాడు గానీ రమ్మనలేదు.

"తానాల గది తలుపు కొల్త దీస్త," అన్నాడు కాశీరాం. "ఉడకబెట్టి చూసిన చెక్క. పైసలొద్దు."

భూమన్న చాలాసేపు అతని వాలిన భుజం వంకే చూశాడు. తరువాత పొత్తులు పక్కకు జరిపి చోటు చేశాడు.

"ఈపాలి బస్సు మీద ఎక్కియ్యను. నువ్వే మోసుకరావాలె వడ్లాయనా."

"మోసుకొస్త," అన్నాడు కాశీరాం. "తేల్కగనే ఉంటది."