ఒతీలియా పీపా

పాలు మాడిన వాసన దాగ్నియాకు పశువుల కొట్టం దగ్గరే తగిలింది. చేతిలో బకెట్ అక్కడే దించేసి ఇంట్లోకి పరుగెత్తింది. వంటింట్లో ఆమె అత్తగారు ఒతీలియా పొయ్యికి మూరెడు దూరంలో నిలబడి బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఆమె వీపు వెనకే పాలు పొంగి, పొయ్యి మీద పడి నల్లగా మాడుతున్నాయి. పొగ కప్పు దాకా లేచింది. ఒతీలియా తల కూడా తిప్పలేదు.

దాగ్నియా గిన్నె దించి, గుడ్డతో పొయ్యి తుడిచింది. మాట అనడం ఆమెకు అలవాటు లేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాలుగేళ్లలో ఆమె మాట్లాడిన మాటలన్నీ చేటలో పోసినా చేట అడుగు కనిపిస్తూనే ఉంటుందని ఒతీలియా మరిది విస్వాల్దిస్ ఎగతాళి చేస్తుంటాడు. భర్త గుంతిస్ దుంగల లారీ మీద వారమంతా తిరిగి శనివారం ఇల్లు చేరతాడు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో అత్తా కోడళ్లే. మాట్లాడని మనిషికి చూడటం తప్ప వేరే పనేముంది? దాగ్నియా అత్తగారిని చూస్తూ ఉండేది.

అలా చూసి ఆశ్చర్యపోయిన వాటిలో మొదటిది ఈ పాల సంగతే. ఒతీలియా పొయ్యికి వీపు పెట్టి, రొట్టె పిండి పిసుకుతూ, ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. పాలు పొంగబోయే క్షణంలో వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి గిన్నె ఎత్తేసేది. ఒక్క చుక్క కింద పడేది కాదు. అలాంటి మనిషి చేతిలో క్రిస్మస్ తర్వాత పాలు మాడటం ఇది మూడోసారి. చలికాలంలో జ్వరం వచ్చి రెండు వారాలు మంచం పట్టింది. ఆ జ్వరం ముక్కుని తినేసిందని దాగ్నియా తీర్మానించుకుంది. ఆ తీర్మానంతో పాటే భయం మొదలైంది. ముక్కు పోతే బర్చ్ నీటి పీపా గతేమిటి?

వాళ్లుండే విద్జెమె కొండల మీద వసంతంలో బర్చ్ చెట్ల మాను తొలిచి, లోపల ఊరే నీరు పట్టని ఇల్లు లేదు. పులియబెట్టని ఇల్లూ లేదు. కానీ ఒతీలియా నీరు వేరు. జూన్ చివర, నడివేసవి యాని పండుగ అయిపోయాక, ఇరుగుపొరుగు అంతా చేరి ఒకరి గడ్డి ఒకరు కోసే రోజులొస్తాయి. ఆ పనిని తల్క అంటారు. ఒతీలియా వాళ్ల వాలు మైదానంలో తల్క అంటే పిలవకపోయినా ముప్పై మంది దిగుతారు. మిట్టమధ్యాహ్నం కొడవళ్లు పక్కన పెట్టి, చల్లటి సీసా బిరడా తీస్తే, ఆ నీరు నాలుక మీద ముందు సూదిలా గుచ్చి, తర్వాత మెత్తబడి, ఆఖర్న కరిగే మంచు వాసనతో గొంతు దిగుతుంది. విస్వాల్దిస్ ఏటా పంతం పట్టి తన సీసాలు కూడా తెస్తాడు. వదినగారి సీసా రుచి చూశాక తనవి గడ్డిలో ఒంపేస్తాడు.

కిటుకంతా బిరడా బిగించే రోజులో ఉంది. పీపాలో పులుస్తున్న నీటిని ఒక రోజు ముందు సీసాల్లో బిగిస్తే సీసాలు పేలిపోతాయి. ఒక రోజు ఆలస్యమైతే పుల్లటి వెనిగర్ మిగులుతుంది. ఆ రోజు ఏదో ఒతీలియా ముక్కు చెబుతుందని అందరి నమ్మకం. పీపా మూత తీసి, వంగి, మూడుసార్లు గాలి పీల్చి ఆమె రోజు చెబుతుంటే, పక్కన నిలబడ్డవాళ్లు చర్చిలో ఉన్నట్టు నిలబడేవారు.

ఒతీలియా అత్తగారు ఎమ్మాది కూడా అలాంటి ముక్కేనట. ఒతీలియా కొత్త కోడలిగా ఉన్నప్పుడు తొందరపడి రెండు రోజుల ముందే బిగిస్తే, ఒకే మధ్యాహ్నం నలభై సీసాలు పేలాయి. ఎమ్మా గాజు పెంకులన్నీ ఊడ్చి, ఒక ఆకుపచ్చ ముక్క మాత్రం నేలమాళిగ కిటికీ గట్టు మీద పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మార్చి చివర ఒతీలియా గోడ మేకు నుంచి చెట్లు తొలిచే బర్మా దించింది. మైదానం అంచున ఏడు బర్చ్ చెట్లున్నాయి. ఒకసారి తొలిచిన చెట్టుకి రెండేళ్లు విరామం ఇస్తుంది. ఈ ఏడాది అన్నిటికన్నా ముసలి చెట్టు వంతు. ముందు ఒక సన్న కొమ్మ కొన తుంచి చూసింది. కొనన నీటి బొట్టు నిలిచింది. బర్మా మొన బెరడుకి ఆనించి ఆమె ఇలా అంది.

"ఈసారి గనక చెడిందా పిల్లా, ఈ బర్మా మళ్లీ మేకు దిగదు. జాలిపడి నా వెనిగర్ తాగే జనాన్ని నేను చూడలేను."

దాగ్నియా తల ఊపింది. అత్తగారు తమాషాకి మాట్లాడే మనిషి కాదు.

రెండు వేళ్ల లోతు తొలిచి, చెక్క దోనె బిగించగానే మొదటి చుక్క జారింది. దాని వెనక ఇంకోటి. ఏటా చూసేదే అయినా దాగ్నియాకు ఏటా ఒళ్లు జలదరిస్తుంది. నీడపట్టున మోకాలి లోతు మంచు ఇంకా కరగలేదు. నేల ఇనుములా బిగిసి ఉంది. పైన ఒక్క ఆకు లేదు. అయినా ఈ చెట్టు, మంటా మోటారూ లేకుండా, గడ్డకట్టిన మట్టి కింది నుంచి నీటిని ఇంటికప్పు కన్నా ఎత్తుకి మోసుకెళుతోంది. ఎవరు పిలిచారని? రోజుకో బకెట్ నిండేది. ఎనిమిది రోజులు పట్టాక ఒతీలియా చెట్టు రంధ్రంలో చెక్క మేకు దిగ్గొట్టి, పైన బంకమట్టి మెత్తి, చంటిపిల్ల దెబ్బ మీద రాసినట్టు బొటనవేలితో నిమిరింది.

నీరంతా ఓక్ పీపాలో పోసి, మాడ్చిన రై ధాన్యపు రొట్టె అంచులు, బ్లాక్‌కరెంట్ పళ్ల పొద పుల్లలు వేసి, పులియడానికి నేలమాళిగలో ఉంచారు. రెండు వారాలు గడిచాయి. విస్వాల్దిస్ వచ్చి గుమ్మంలో బూట్లు దులుపుకున్నాడు.

"ఏ రోజు బిగిస్తున్నావు వదినా? నావీ ఆ రోజే బిగిద్దామని."

"నువ్వు ఏ రోజు బిగిస్తే ఏంలే విస్వాల్దిస్. తాగేది గడ్డేగా."

అతను నవ్వి, గురువారం వస్తానని, ముక్కు సిద్ధంగా పెట్టుకోమని చెప్పి వెళ్లాడు.

గురువారం పొద్దున్నే బంగాళాదుంపల కోసం దాగ్నియా నేలమాళిగ మెట్లు దిగబోయి ఆగిపోయింది. లోపల ఒతీలియా పీపా వాసన చూడటం లేదు. పీపాని కౌగిలించుకుని, చెంప చెక్కకి ఆన్చి, కళ్లు మూసుకుని ఉంది. కాసేపటికి తల తిప్పి రెండో చెంప ఆన్చింది. తర్వాత బంగాళాదుంపల పెట్టె మీద కూలబడి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు అంత ఖాళీగా ఉండటం దాగ్నియా ఎప్పుడూ చూడలేదు.

వెనక్కి వెళ్లిపోదామనుకుంది. కాళ్లు కిందికే దిగాయి. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారే చెప్పేసింది.

"అత్తయ్యా, మీకు వాసన తెలియడం లేదని నాకు తెలుసు. నేను చూసి చెబుతాను. ఎవరితోనూ అనను."

ఒతీలియా ఆమె పెదవుల వంకే చూసి, తర్వాత చిన్నగా నవ్వింది.

"వాసనా? అది పోయి ముప్పై ఆరేళ్లయింది పిల్లా. నీ మొగుడు కడుపులో ఉండగా వచ్చిన జ్వరానికి పోయింది."

మిగిలినదంతా ఒతీలియా తొక్క తీస్తూ మాట్లాడినంత మామూలుగా చెప్పుకొచ్చింది. ఆ రోజుల్లో ఎమ్మా బతికే ఉంది. ముక్కు లేని కోడలికి పీపా అప్పగించే మనిషి కాదు. ఆ భయంతోనే ఒతీలియా ఒకనాడు ఇక్కడ ఒంటరిగా పీపాకి తల ఆన్చి ఏడ్చింది. ఏడుపు ఆగాక పీపా లోపలి చప్పుడు వినిపించింది. ఆ వసంతమంతా విని, ఏ చప్పుడప్పుడు నీరు ఎలా ఉందో నాలుకతో సరిచూసుకుని నేర్చుకుంది. అప్పటి నుంచి పొద్దున్నే చెవితో రోజు తేల్చుకోవడం, జనం ముందు ముక్కుతో మూడుసార్లు పీల్చడం. బతికున్న రోజుల్లో భర్తకి కూడా చెప్పలేదు. పాల సంగతీ అంతే. పొంగే ముందు పాలు సన్నగా పాడతాయట.

"మొన్నటి జ్వరం ఆ చెవుల్ని పట్టుకుపోయింది. మీ మాటలు అందుతున్నాయి. సన్న చప్పుళ్లే లేవు. రా, నువ్వు చెవి ఆన్చు."

దాగ్నియా చెంప ఆన్చింది. ముందు చలి తప్ప ఏమీ లేదు. తర్వాత చాలా దూరం నుంచి, ఎండుటాకుల మీద తొలి చినుకులు పడ్డట్టు మొదలై, దగ్గరయ్యే కొద్దీ లెక్కలేనన్ని చిన్న చిన్న నోళ్లు తెరుచుకుంటున్నట్టు వినిపించింది. ముసలి చెట్టు ఎక్కిన నీరే ఇది. ఇక్కడ చీకట్లో, ఎవరూ తాకకుండా, ఇంకా దేన్నో చేసుకుంటూనే ఉంది. ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయింది. ఒతీలియా భుజం తట్టాల్సి వచ్చింది.

"ఏమంటోంది?"

అది దాగ్నియాకు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. విన్నది మాటల్లో పెట్టాలి.

"కాలిన పెనం మీద ఉప్పు చల్లినట్టు."

"ఇంకా ఆకలి మీదుంది. వదిలెయ్."

ఆ మధ్యాహ్నం విస్వాల్దిస్ ఎదుట ఒతీలియా వంగి మూడుసార్లు గాలి పీల్చి, ఇంకా కాలేదంది. అతను గౌరవంగా టోపీ తీశాడు. దాగ్నియా నవ్వు ఆపుకోలేక మెట్లెక్కి పారిపోయింది.

శుక్రవారం చప్పుడు పలచబడింది. శనివారం పొద్దున చూరు నుంచి మంచు కరిగి పడుతున్నట్టు ఒకటి, ఆగి ఇంకొకటి. దాగ్నియా చెప్పింది. రెండు చప్పుళ్ల మధ్య ఒక ఊపిరి తీసేంత ఎడం ఉందా అని ఒతీలియా అడిగింది. ఉంది, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే. ఒతీలియా పీపా వంక చూసింది. కిటికీ గట్టు మీది గాజు ముక్క వంక చూసింది.

"నాకు వినిపించదు. నువ్వే చెప్పాలి."

దాగ్నియా మళ్లీ చెవి ఆన్చింది. ఆ కాసేపటిలో ఆమె ఊహలో నలభై సీసాలు పేలాయి, పీపా మొత్తం వెనిగరైంది, బర్మా మేకుకే తుప్పు పట్టింది. ఆమె తల ఎత్తింది.

"ఇవాళే."

ఆ ఇంట్లో వెనక "అనుకుంటా" తగిలించకుండా ఆమె చెప్పిన మొదటి తీర్పు అదే. సీసాకి మూడు ఎండుద్రాక్షలు వేసి, నింపి, బిరడా కొట్టి, పురికొసతో కట్టి, అరవై సీసాలూ ఇసుకలో పడుకోబెట్టారు.

మే నెలలో ఒకటి పేలింది. దాగ్నియా రోజంతా తిండి ముట్టలేదు. రెండోది పేలలేదు.

తల్క రోజున ఎండ మండిపోయింది. మధ్యాహ్నం ఒతీలియా మొదటి సీసా తీసి, ఎప్పటిలాగే మొదటి గ్లాసు ముసలి చెట్టు మొదట్లో, మట్టి మెత్తిన చోట కింద పోసింది. రెండోది విస్వాల్దిస్‌కి ఇచ్చింది. అతను తాగాడు. గొంతు దిగేదాకా ఆగాడు. తన బుట్టలోంచి సొంత సీసా తీసి, బిరడా పీకి, గడ్డిలో ఒంపేశాడు.

"నీ ముక్కుకి దండం వదినా."

"ముక్కు కాదు విస్వాల్దిస్, చెవి," అంది ఒతీలియా. "అదీ నాది కాదు. ఈ పిల్లది."

వేళాకోళం అనుకుని అందరూ నవ్వారు. ఒతీలియా వాళ్లని నవ్వనిచ్చింది. విస్వాల్దిస్ మాత్రం నవ్వలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని దాగ్నియా వంక చాలాసేపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడి ఆమె కొడవలి అందుకుంది.

సాయంత్రం వంటింట్లో ఒతీలియా బర్మాకి బాతు కొవ్వు రాసి, వచ్చే వసంతం కోసం మేకుకి తగిలించి, బంగాళాదుంపలు ముందేసుకుని కూర్చుంది. దాగ్నియా పొయ్యికి వీపు పెట్టి పిండి పిసుకుతోంది. గుంతిస్ ఏదో లారీ కబురు చెబుతున్నాడు. ఆ కబురు కింద నుంచి, దారమంత సన్నగా, ఒక పాట లేచింది. దాగ్నియా చెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్లి పాల గిన్నె ఎత్తింది.

ఒతీలియా చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తొక్క మళ్లీ చుట్టలా జారుతూ వచ్చింది.