సుబ్బరత్నం తినని కోడిగుడ్లు

తిరువూరు మెయిన్ బజారులో శ్రీరాములుగారి కిరాణా కొట్టుంది. ఆ కొట్టు వెనకే వాళ్ల ఇల్లు. శ్రీరాములుగారి భార్య సుబ్బరత్నానికి ఒక జబ్బు ఉండేది. తనకు తెలిసినవాళ్లెవరూ ఏ పరీక్షా తప్పడానికి వీల్లేదు. మరిది ఎస్సెల్సీ రాస్తుంటే వరసగా శనివారాలు ఉపవాసం ఉంది. తమ్ముడు డ్రైవింగ్ లైసెన్సుకు వెళితే ఇన్‌స్పెక్టరుగారి భార్యకు నిమ్మకాయ పచ్చడి జాడీ పంపింది. జాడీ మూత తియ్యకుండానే తిరిగొచ్చింది, అది వేరే సంగతి. తను మాత్రం ఐదో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేసింది. ఆ కసి అంతా ఇలా తీర్చుకునేదేమో పాపం.

ఇక ప్రేమావతి చదువంటే చెప్పక్కర్లేదు. ప్రేమావతి ఆ ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేసిన పిల్ల. సుబ్బరత్నానికి మూడో కాన్పు అత్తవారింట్లో అయినప్పుడు రక్తం ఆగక అందరూ ఆశ వదులుకుంటే, తెల్లవార్లూ పక్కనే ఉండి ప్రాణం నిలబెట్టింది. అప్పటినుంచీ ఆ అమ్మాయి మీద ఈగ వాలినా సుబ్బరత్నం ఊరుకునేది కాదు.

అలాంటి ప్రేమావతి ఉద్యోగానికి సెలవు పెట్టి మద్రాసులో ఎమ్మెస్సీ నర్సింగులో చేరింది. అందులో చేరడానికి ముందు బీఎస్సీ నర్సింగ్ పాసవ్వాలి, ఆపైన రెండేళ్లు ఆసుపత్రిలో పని చెయ్యాలి, పై నర్సుగారు మంచిపిల్ల అని రాసివ్వాలి, ఇంటర్వ్యూలో నలుగురు అడిగేవాటికి జవాబు చెప్పాలి. అంతా అయి లోపలికి వెళితే, బయటికి రావడానికి మళ్లీ పరీక్షలు, వార్డు డ్యూటీలు. వాటన్నిటినీ మించింది థీసిస్. జనంలోకి వెళ్లి ఒక విషయం స్వయంగా కనుక్కుని పుస్తకం రాయాలి. అది ఒప్పుకుంటేనే డిగ్రీ. ఇదంతా విన్న సుబ్బరత్నం, "పద్మవ్యూహంలా ఉందే తల్లీ" అని బుగ్గలు నొక్కుకుంది.

డెబ్భై అయిదులో, మామిడికాయలు బస్సులకెక్కే రోజుల్లో, ప్రేమావతి థీసిస్ కోసం తిరువూరు వచ్చింది. బాలింతలు ఏం తింటారు, ఏం తాగుతారు అన్నది ఆమె కనుక్కోవలసిన విషయం. ఆ రోజుల్లో బాలింతకు పథ్యం అంటే వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, నాలుగు ముద్దల అన్నం. నీళ్లు మాత్రం గొంతు తడిసేంత. ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుందని పెద్దవాళ్ల భయం.

ప్రేమావతి తన ప్రశ్నలు ముందుగా సుబ్బరత్నానికి చదివి వినిపించింది. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే వీటికి ఏం చెబితే రైటు?" అని అడిగింది.

తెలుసుకోవాలన్న కోరిక కాబోలనుకుని ప్రేమావతి ముచ్చటపడింది. "పాలు, పప్పు, ఆకుకూర తినాలక్కా. తినేవాళ్లయితే రోజూ కోడిగుడ్డు. నీళ్లు దాహమేసినన్ని తాగాలి" అని చెప్పింది.

అంతే, కొంప మునిగింది. మర్నాడు పొద్దున్నే సుబ్బరత్నం తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. పేరంటానికి పిలిచినట్టే ఇంటింటికీ వెళ్లి, ఈమధ్య పురుడు పోసుకున్న కోడళ్లందరికీ బొట్టుపెట్టి, ప్రేమావతి వచ్చి అడిగితే చెప్పవలసిన జవాబులు అప్పగించింది. ఒకళ్లు తప్పు చెప్పినా ఆ పిల్ల ఫెయిలని బెదిరించింది. బొట్టుపెట్టించుకున్నాక మాట కాదనడం ఆ బజారులో ఎవరికి సాధ్యం?

ఆ బజారు ఇళ్లలో కోడిగుడ్డు గడప తొక్కదు. అందుకే ఒక కోడలు, "మనం తినం గదా వదినా" అని గునిసింది.

"తినమని ఎవరన్నారు? చెప్పమన్నాను. రెండని చెప్పు, ఇంకా మంచిది."

ప్రేమావతి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కోడళ్లు, సుబ్బరత్నంతో సహా, కళ్లు మూసుకుని పాలు, పప్పు, ఆకుకూర, రెండు గుడ్లు, దాహమేసినన్ని నీళ్లు అని గడగడా ఒప్పజెప్పారు. "మీ ఇళ్లలో గుడ్లా?" అని ఆమె అడిగితే, "అత్తయ్యకు తెలీకుండా" అని గుసగుసలాడారు. ప్రేమావతి నమ్మింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు తను గొంతు చించుకుని చెప్పినదంతా ఊరి తలకెక్కిందని ఉబ్బి తబ్బిబ్బయింది. మనకు నచ్చే అబద్ధాన్ని అనుమానించడం ఎంత చదువుకున్నవాళ్లకైనా కష్టమే.

థీసిస్ చూసే ప్రొఫెసరు సరోజినీదేవిగారు మాత్రం అలా నమ్మే మనిషి కాదు. ప్రేమావతి పంపిన జవాబులన్నీ ఒకేలా ఉండటం చూసి, మద్రాసు నుంచి రైల్లో బెజవాడ వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కి తిరువూరులో దిగింది. ఎక్కడికెళ్లాలని ప్రేమావతిని అడిగితే, పాపం ఆమె తిన్నగా సుబ్బరత్నం ఇంటికే తీసుకొచ్చింది. పెద్దావిడ వచ్చిందని తెలిసి చుట్టుపక్కల కోడళ్లూ వాళ్ల అత్తలూ వసారా నిండా చేరారు.

సరోజినీదేవిగారు మజ్జిగ తాగి, సుబ్బరత్నం అత్తగారు కనకమ్మ వైపు తిరిగింది. "మీ కోడలు బాలింతగా ఉన్నప్పుడు రోజూ రెండు గుడ్లు తిన్నదటండి. ఎక్కడ వండేవారు?"

"ఏం గుడ్లు?" అంది కనకమ్మ.

"కోడిగుడ్లండి."

వసారాలో ఉన్న కోడళ్లందరూ ఒక్కసారిగా దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కనకమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, ఏడాది కిందటి గుడ్ల వాసన ఇప్పుడు వచ్చినట్టు వంటింటి వైపు చూసింది. కొట్లోంచి తొంగిచూసిన శ్రీరాములుగారు బేరం ఉందని చెప్పి మళ్లీ లోపలికి తప్పుకున్నాడు.

"లేదత్తయ్యా, ఒట్టు, నేను తినలేదు. చెప్పానంతే. అందరిచేతా నేనే చెప్పించాను" అంది సుబ్బరత్నం.

సరోజినీదేవిగారు కోప్పడలేదు గానీ, ఆవిడ చెప్పింది కోపం కంటే ఘోరంగా ఉంది. "ఈ జవాబులు చెత్తబుట్టకే. ఇవాళా రేపట్లో నిజం చెప్పేవాళ్లు దొరక్కపోతే ఈ అమ్మాయికి డిగ్రీ లేదు."

"తప్పులు చెబితే పాసవుతుందా అండీ?" అంది సుబ్బరత్నం అయోమయంగా.

"మీరు తిన్నది చెబితే పాసవుతుంది. తప్పా ఒప్పా మాకు పట్టదు."

కోడళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. గుడ్ల అబద్ధం చాటుగా చెప్పడం తేలికే. అత్తల ముందు నిజం చెప్పాలంటేనే నోట్లో వెలక్కాయ పడుతుంది. తన ప్రాణం నిలబెట్టిన పిల్ల తనవల్లే ఫెయిలవుతోంది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకేముంటుందనుకుంది సుబ్బరత్నం. అత్తగారి వైపు చూడకుండా చెప్పేసింది.

"నాకు కారమన్నం పెట్టారు. నీళ్లు పూటకో గుక్క. నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. స్నానాల గది మూల ఎవరో రాగిచెంబు నిండా నీళ్లు మర్చిపోయేవాళ్లు. స్నానానికెళ్లినప్పుడల్లా అవి దొంగతనంగా తాగాను. తప్పయితే క్షమించండి."

పక్కింటి కోడలు కిసుక్కున నవ్వింది. తను కాగులో స్నానం నీళ్లే తాగేదాన్నని చెప్పింది. ఇంకొకామె తడిగుడ్డ పిండుకుని చప్పరించానంది. ఇక వసారా ఆగలేదు. దొంగనీళ్లు తాగని బాలింత ఆ బజారులో ఒక్కతీ లేదని తేలింది. ప్రేమావతి కలం పరుగెడుతూనే ఉంది.

అంతలో కనకమ్మ గొంతు సవరించుకుంది. "రోజూ చెంబెడు నీళ్లు ఎవరు మర్చిపోతారే? కాచి, చల్లార్చి, నేనే పెట్టాను."

సుబ్బరత్నం గిర్రున అత్తగారి వైపు తిరిగింది. "చేతికివ్వొచ్చు గదా అత్తయ్యా."

"ఎలా ఇస్తాను? కోడలిచేత పథ్యం చేయించడం చేతకాలేదని వీళ్లంతా ఆడిపోసుకోరూ?" అని కనకమ్మ తోటి అత్తల వైపు చూసింది. వాళ్లు తలలు దించుకున్నారు. ఎవరెవరు ఏ మూల ఏ చెంబు పెట్టారో గానీ. "మా అత్తగారు నాకు అదీ పెట్టలేదు. గొడ్ల తొట్టి దగ్గర వంగి, దోసిట్లో కుడితి నీళ్లు తాగాను. పక్కన గేదె ఉంది. అది నా వంక చూసి జరిగి చోటిచ్చింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సుబ్బరత్నం వెళ్లి అత్తగారి పక్కన కూలబడి, భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెళ్లయి వచ్చాక ఆవిడను తాకి ఏడవడం అదే మొదలు.

ప్రేమావతి కలం ఆపి, "ఇది రాసుకోవచ్చాండీ?" అని అడిగింది.

"రాసుకో తల్లీ" అంది కనకమ్మ. అని, గోడకున్న అత్తగారి ఫోటో వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "కాకపోతే కాస్త చిన్న అక్షరాలతో రాయి."

ప్రేమావతి చిన్న అక్షరాలతోనే రాసుకుంది. పాసయింది.